ఊపిరి పోయడం నేర్పిన ఊరు

గచ్చు మీద పరిచిన చాప. దాని మీద వెల్లకిలా పడుకున్న ఓ అమ్మాయి. కళ్లు మూసుకుని ఉంటుంది. పెదాల చివర చిన్న నవ్వు. చుట్టూ మోకాళ్ల మీద కూర్చున్న నర్సింగ్ విద్యార్థినులు... ‘ఒకటి, రెండు, మూడు’ అని పైకి లెక్కపెడుతూ ఒకరి తర్వాత ఒకరు ఆమె గుండెల మీద బలంగా నొక్కుతుంటారు. ముప్ఫైకి రాగానే ఆగి, నోట్లోకి రెండుసార్లు గాలి ఊదుతారు. ఎన్ని వేలసార్లు చచ్చి బతికినా ఆమె ముఖంలో ఆ నవ్వు మాత్రం చెదరదు!

ఆమె పేరు ఆనీ. ప్లాస్టిక్ బొమ్మ. ఆసుపత్రులు, నర్సింగ్ కాలేజీలు, అంబులెన్స్ శిక్షణ కేంద్రాలు... గుండె ఆగిన మనిషిని బతికించడం నేర్పే చోటల్లా ఆమె గానీ, ఆమె చెల్లెళ్లు గానీ ఉంటారు. మరి ఆనీ పుట్టిల్లు ఎక్కడ? నార్వే దేశానికి నైరుతి మూల, ఉత్తర సముద్రం ఒడ్డున ఉన్న స్టవాంగర్.

సార్డీన్ డబ్బాల ఊరు

చదరంగం తెలిసినవాళ్లకు ఈ పేరు కొత్త కాదు. 2024, 2025లో మన కోనేరు హంపి నార్వే చెస్ టోర్నీ ఆడింది ఇక్కడే. 2025లో గుకేశ్ చేతిలో ఓడిన కార్ల్‌సన్ బల్లను గుద్దిందీ ఈ ఊళ్లోనే. రాజధాని ఓస్లో నుంచి విమానంలో గంట లోపు ప్రయాణం. రైల్లో అయితే సుమారు ఎనిమిది గంటలు. మే నుంచి సెప్టెంబరు దాకా వెళ్లడానికి మంచి కాలం. జూన్‌లో అయితే రాత్రి పదిన్నరకు కూడా వెలుతురు పోదు. గొడుగు మాత్రం సంచిలో ఉండాల్సిందే. వాన ఎప్పుడొస్తుందో, ఎప్పుడు వెలుస్తుందో చెప్పలేని ఊరు ఇది.

రేవు పక్కనే పాతబస్తీ. రాళ్లు పరిచిన సన్నటి సందులు, వాటికి రెండువైపులా తెల్లరంగు వేసిన చెక్క ఇళ్లు, కిటికీల కింద పూలకుండీలు. 18, 19 శతాబ్దాల్లో కట్టిన ఇళ్లవి. ఇప్పటికీ వాటిలో జనం కాపురం ఉంటున్నారు. ఒకప్పుడు ఈ ఊరి బతుకంతా చేపల డబ్బాల మీదే నడిచింది. పొగబెట్టిన సార్డీన్ చేపల్ని డబ్బాల్లో పెట్టి దేశదేశాలకు పంపేవారు. ఆ కార్ఖానాల్లో ఒకటి ఇప్పుడు మ్యూజియం. 1969లో ఉత్తర సముద్రంలో చమురు పడ్డాక ఊరి రాత మారింది. చేపల ఊరు చమురు రాజధాని అయింది. దాని కథ చెప్పే మ్యూజియం కూడా రేవు ఒడ్డునే ఉంది. మధ్యలో సుమారు 900 ఏళ్ల నాటి రాతి చర్చి. పడవెక్కితే లైసె ఫ్యోర్డ్. దాని అంచున 604 మీటర్ల ఎత్తులో బల్లపరుపుగా నిలిచిన ప్రేకెస్టోలెన్ కొండ. పర్యాటకుల్లో ఎక్కువమంది ఆ కొండెక్కి, ఫొటో దిగి, తిరిగి వెళ్లిపోతారు.

ఆ ఊరు ప్రపంచానికిచ్చిన అసలు కానుక మాత్రం ఏ కొండ మీదా లేదు. అది ఓ బొమ్మల తయారీదారు బుర్రలో పుట్టింది.

తండ్రి చేతులు

ఆయన పేరు ఆస్మండ్ లేర్డాల్. 1940లో స్టవాంగర్‌లో చిన్న ప్రచురణ సంస్థ పెట్టాడు. గ్రీటింగ్ కార్డులు, పిల్లల పుస్తకాలు వేసేవాడు. తర్వాత చెక్కబొమ్మల్లోకి దిగాడు. యుద్ధం ముగిసి మెత్తటి ప్లాస్టిక్ వచ్చాక ఆ పదార్థం లోతుపాతులన్నీ పట్టేశాడు. ఆయన చేసిన బొమ్మకార్లు, ‘ఆనీ’ అనే నిద్రపోయే పాప బొమ్మ పిల్లలకు తెగ నచ్చేశాయి. ప్లాస్టిక్‌తో అచ్చం చర్మంలా చేయగలడని తెలిసి, ప్రథమ చికిత్స శిక్షణ కోసం ఉత్తుత్తి గాయాలు చేసిపెట్టమనీ అడిగారు.

1950 దశకం మధ్యలో ఓ రోజు ఆయన రెండేళ్ల కొడుకు టోరె నీళ్లలో పడిపోయాడు. బయటికి తీసేసరికి ఒంట్లో కదలిక లేదు. తండ్రి బిడ్డ పక్కటెముకలు నొక్కి నీళ్లు కక్కించాడు. పిల్లవాడికి ఊపిరి వచ్చింది. ఆ పిల్లవాడే పెద్దయ్యాక తండ్రి సంస్థను నడిపాడు.

అప్పటికి ఊపిరి ఆగినవాడిని ఎలా బతికించాలన్న దాని మీద తలో మాటా చెప్పేవారు. బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కమనేవారు కొందరు, చేతులు పైకెత్తి దించమనేవారు ఇంకొందరు. వాటిలో చాలావాటితో ఊపిరితిత్తుల్లోకి చాలినంత గాలే వెళ్లదని నిరూపించినవాడు అమెరికాలో పనిచేస్తున్న మత్తు వైద్యుడు పీటర్ సఫార్. తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, నోట్లో నోరు పెట్టి ఊదడమే మేలన్నాడు. 1958లో నార్వేలోని గౌస్‌డాల్‌లో జరిగిన మత్తు వైద్యుల సభలో ఆయన చెప్పిన సంగతులు స్టవాంగర్ వైద్యుడు బ్యోర్న్ లిండ్ చెవిన పడ్డాయి. లిండ్‌కు వెంటనే ఓ సందేహం... ఇది జనానికి నేర్పేదెలా? మనిషి మీద సాధన చేయలేం కదా! సమాధానం కోసం ఆయన వెళ్లింది బొమ్మల లేర్డాల్ దగ్గరికి.

నవ్వే ముఖం వెనక

మనిషంత బొమ్మ చేయాలి. దాని నోట్లో నోరు పెట్టడానికి ఎవరూ జంకకూడదు. మగబొమ్మ అయితే ఆ రోజుల్లో మగవాళ్లు ముందుకు రారని లేర్డాల్ ఆడబొమ్మకే మొగ్గాడు. ముఖం ఎలా ఉండాలి? బంధువుల ఇంట్లో గోడకు వేలాడే ఓ ముఖాకృతి గుర్తొచ్చింది. ‘సీన్ నది అజ్ఞాత యువతి’ అని యూరప్ అంతా పేరుపడ్డ ముఖం అది. 19వ శతాబ్దం చివర్లో పారిస్‌లోని సీన్ నదిలో ఓ అమ్మాయి శవం దొరికిందనీ, ఎవరో తెలియక శవాగారంలో ఉంచారనీ, ఆ ప్రశాంతమైన ముఖానికి ముగ్ధులై అచ్చు తీశారనీ చెప్పుకుంటారు. నీళ్లలో నానిన ముఖం అంత నున్నగా ఉండదు, అది బతికున్న అమ్మాయిదే అయి ఉంటుందని అనుమానించేవాళ్లూ ఉన్నారు. ఏదేమైనా, ఎవరూ కాపాడలేకపోయిన అమ్మాయిగా లోకానికి తెలిసిన ముఖం లక్షల ప్రాణాలు కాపాడే విద్యకు ముఖచిత్రమైంది. పేరు మాత్రం పిల్లల బొమ్మదే... ఆనీ!

1960లో ఆనీ బయటికొచ్చింది. అదే ఏడాది అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు ఛాతీని పైనుంచి నొక్కితే ఆగిన గుండె నుంచి కూడా రక్తం ముందుకు సాగుతుందని ప్రకటించారు. సఫార్ సలహా మీద లేర్డాల్ బొమ్మ ఛాతీలో స్ప్రింగు అమర్చాడు. ఊదడానికి నోరు, నొక్కడానికి గుండె... రెండూ కుదిరాయి. 1960 దశకం తొలి ఏళ్లలోనే నార్వే బడిపిల్లలకు ఆనీ మీద పాఠాలు మొదలయ్యాయి.

షాక్ ఎవరు ఇవ్వాలి?

గుండె ఆగడంలో తరచూ కనిపించే తీరు ఒకటుంది. గుండె పూర్తిగా నిలిచిపోదు. లయ తప్పి గిలగిల కొట్టుకుంటుంది. రక్తం మాత్రం ముందుకు పోదు. దాన్ని దారిలో పెట్టేది విద్యుత్ షాక్ ఒక్కటే. ఛాతీ నొక్కకుండా, షాక్ ఇవ్వకుండా గడిచే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం ఏడు నుంచి పది శాతం తగ్గిపోతుంది. పది నిమిషాలు దాటితే ఇక మిగిలేది స్వల్పం.

1960ల తొలి ఏళ్ల దాకా షాక్ యంత్రం డాక్టర్ల సొత్తు. నర్సు దాన్ని తెచ్చి పక్కన పెట్టాలి, డాక్టరు పరుగెత్తుకొచ్చేదాకా ఆగాలి. ఆ పద్ధతిని మార్చినవాళ్లలో అమెరికాలోని ఫిలడెల్ఫియా వైద్యుడు లారెన్స్ మెల్ట్‌జర్, నర్సు రోజ్ పినియో ముందువరసలో ఉంటారు. హృద్రోగుల పక్కన ఇరవైనాలుగు గంటలూ ఉండేది నర్సే కాబట్టి, మానిటర్ మీద గీతను చదవడమూ, అవసరమైతే షాక్ ఇవ్వడమూ ఆమెకే నేర్పాలన్నారు. నర్సుల కోసమే పాఠ్యపుస్తకం రాశారు. ఆ తర్వాత 1970 దశకంలో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఈ విద్యకంతటికీ ఒక వరస ఏర్పరచింది. అదే ఏసీఎల్ఎస్... అడ్వాన్స్‌డ్ కార్డియోవాస్కులర్ లైఫ్ సపోర్ట్. యూరప్‌లో ఇలాంటి కోర్సునే ఏఎల్ఎస్ అంటారు.

చెప్పి చచ్చే బొమ్మ

స్టవాంగర్‌లో సేఫర్ అనే శిక్షణ కేంద్రం ఉంది. లేర్డాల్ సంస్థ, స్థానిక విశ్వవిద్యాలయం, విశ్వవిద్యాలయ ఆసుపత్రి కలిసి నెలకొల్పినది. నర్సులు, డాక్టర్లు, అంబులెన్స్ సిబ్బంది పక్కపక్కన నిలబడి సాధన చేస్తారు. ఇక్కడ వాడే బొమ్మలు ఆనీ కన్నా చాలా ముదుర్లు. ఛాతీ లేచి పడుతుంది. మణికట్టు పట్టుకుంటే నాడి తెలుస్తుంది. శిక్షకుడు అవతలి గదిలోంచి మైకులో పలికితే బొమ్మ ‘గుండెలో బరువుగా ఉంది సిస్టర్’ అన్నట్టే ఉంటుంది. కాసేపటికి మాట ఆగిపోతుంది.

అక్కడి నుంచి ఏ దేశంలోనైనా తరగతి ఇంచుమించు ఒకేలా సాగుతుంది. నర్సు పలకరిస్తుంది, భుజం తడుతుంది. ఊపిరి, నాడి చూస్తుంది. దానికి పది సెకన్లకు మించి తీసుకోకూడదు. సాయం కోసం కేక వేసి ఛాతీ నొక్కడం మొదలెడుతుంది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదారు సెంటీమీటర్ల లోతు. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. అది మరిస్తే గుండెలోకి రక్తం నిండదు. రెండు నిమిషాలకోసారి నొక్కేవాళ్లు మారాలి. ఎందుకంటే చేతులు అలసిపోతాయి, అలసిన సంగతి నొక్కేవాళ్లకు తెలియదు!

ఈలోగా రెండో నర్సు ప్యాడ్లు అతికిస్తుంది. మూడో నర్సు సూది గుచ్చి సెలైన్ దారి తెరుస్తుంది. నాలుగో నర్సు గడియారం చూస్తూ రాసుకుంటుంది. మానిటర్ మీద పిచ్చిగీతలు కనిపిస్తే ‘అందరూ దూరం జరగండి’ అని షాక్ ఇవ్వాలి, మరుక్షణమే మళ్లీ నొక్కాలి. గీత చదునుగా ఉంటే షాక్ వల్ల లాభం లేదు. అన్నిటికన్నా మోసం చేసేది మూడో రకం. గీత చక్కగానే కనిపిస్తుంది, నాడి మాత్రం ఉండదు. మానిటర్‌ను నమ్మి రోగిని తాకి చూడకపోతే అంతే సంగతులు. అప్పుడు కారణం వెతకాలి. రక్తం పోయిందా? ఆక్సిజన్ చాలలేదా? పొటాషియం పెరిగిందా? ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందా? 

‘అడ్రినలిన్ ఒక మిల్లీగ్రాము’ అని నాయకుడు అంటే, ‘అడ్రినలిన్ ఒక మిల్లీగ్రాము ఇచ్చాను’ అని నర్సు తిరిగి పైకి చెప్పాలి. గందరగోళంలో ఒకే మందు రెండుసార్లు పడకుండా, అసలు పడకుండా పోకుండా అదే కాపలా.

అన్నిటికన్నా కష్టమైన పాఠం వేరే ఉంది. పెద్ద డాక్టరు పైపైన నొక్కుతుంటే, చిన్న నర్సు ‘సార్, ఇంకా లోతుగా నొక్కాలి’ అనగలగాలి. హోదాను పక్కన పెట్టి మాట్లాడటాన్ని కూడా సాధన చేయిస్తారు. ఆఖర్న అందరూ కుర్చీలేసుకుని కూర్చుంటారు. ఏది బాగా జరిగింది, ఏది ఆలస్యమైంది అని మాట్లాడుకుంటారు. తప్పు ఎవరిదన్న ప్రశ్న ఉండదు, తప్పు ఎందుకు జరిగిందన్నదే ప్రశ్న.

మఠంలో పుట్టిన లెక్క

స్టవాంగర్ నుంచి ఉత్తరంగా వెళ్తే దారి సముద్రం కిందికి దిగుతుంది. 1992లో తెరిచిన సొరంగం అది. సముద్ర మట్టానికి 223 మీటర్ల లోతు దాకా వెళ్లి మళ్లీ పైకొస్తుంది. అక్కడి నుంచి వంతెనలు దాటుకుంటూ పోతే క్లోస్టర్ ద్వీపం. పచ్చిక బయళ్లు, మేసే గొర్రెలు, నీలిరంగు నీళ్లు... వాటి మధ్య రాళ్లతో కట్టిన ఉట్‌స్టైన్ మఠం. 13వ శతాబ్దం నాటిది. ఇప్పుడు సన్యాసులు లేరు. సందర్శకులు వస్తారు, కచేరీలు, సమావేశాలు జరుగుతాయి.

1990 జూన్‌లో ఈ మఠంలో వివిధ దేశాల వైద్యులు చేరారు. వాళ్ల సమస్య చిత్రమైనది. గుండె ఆగినవాళ్లలో ఇంతమందిని బతికించామని ఒక ఊరు చెబుతుంది, అంతమందినని మరో ఊరు చెబుతుంది. ఒక్కొక్కరి లెక్క ఒక్కో రకం. ఎవరిని లెక్కలోకి తీసుకోవాలి, సమయం ఎప్పటి నుంచి కొలవాలి అన్నదానికే ఏకాభిప్రాయం లేదు. ఆ సమావేశంతో మొదలైన కసరత్తు వల్ల 1991లో ఉమ్మడి పద్ధతి ఒకటి వెలువడింది. మఠం పేరు మీదే దాన్ని ‘ఉట్‌స్టైన్ పద్ధతి’ అంటారు. ఈనాటికీ ప్రపంచమంతా అదే వాడుక.

2001లో ఇక్కడే మరోసారి కూర్చున్నప్పటి ఆలోచనల నుంచి ఒక సూత్రం పుట్టింది. 2003లో అచ్చయింది. వైద్య విజ్ఞానం, దాన్ని సరిగ్గా నేర్పడం, నేర్చినదాన్ని ఉన్నచోట అమలుచేయడం... ఈ మూడింటినీ హెచ్చవేస్తే వచ్చేదే బతికినవాళ్ల సంఖ్య. కూడిక కాదు, గుణకారం! అంటే విజ్ఞానం వందకు వంద ఉన్నా, నేర్పడం సున్నా అయితే జవాబు సున్నా. నేర్చిన నర్సు ఉన్నా, వార్డులో షాక్ యంత్రం బ్యాటరీ అయిపోయి ఉంటే జవాబు మళ్లీ సున్నానే.

స్టవాంగర్ ఈ లెక్కను కాగితం మీదే ఉంచలేదు. 2006 నుంచి 2008 దాకా ఆ ప్రాంతంలో ఆసుపత్రి బయట గుండె ఆగి, బతికించే ప్రయత్నం జరిగినవాళ్లలో నలుగురిలో ఒకరు బతికి ఇంటికెళ్లినట్లు వైద్యులు 2011లో ప్రచురించారు. పక్కనున్న మామూలు మనుషులే ఛాతీ నొక్కడం మొదలెట్టడం, ఆ వెంటనే శిక్షణ ఉన్న చేతులు అందుకోవడం అందుకు పెద్ద కారణాలు.

మన వార్డుల్లో...

తెలుగువాళ్లకూ ఈ సంగతులు దూరం కావు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ ఊరూరికీ చేరింది. 2017లో మనదేశపు మత్తు వైద్యులు సామాన్యుల కోసం, నోట్లో ఊదకుండా ఛాతీ నొక్కడం మాత్రమే ఉండే పద్ధతిని సూచించారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ కూడలిలో ఓ ట్రాఫిక్ కానిస్టేబుల్ కుప్పకూలిన యువకుడికి సీపీఆర్ చేసి బతికించిన వీడియో ఇంటింటా చూశారు. ఆ వెంటే తెలంగాణ ప్రభుత్వం పెద్దఎత్తున శిక్షణ మొదలెట్టింది. కానీ రోడ్డు మీద బతికిన మనిషి చివరికి చేరేది ఆసుపత్రికే. అక్కడ రాత్రి రెండు గంటలకు మంచం పక్కన ఉండేది ఎవరు? నర్సే. డ్యూటీ డాక్టరు మరో అంతస్తులో మరో రోగి దగ్గర ఉండొచ్చు. ఆ వచ్చేలోపు గడిచే మూడు నిమిషాలు ఆమెవి.

ఆసుపత్రిలో గుండె ఆగడం చాలాసార్లు హఠాత్తుగా జరగదు. కొన్ని గంటల ముందు నుంచే ఊపిరి వేగం పెరుగుతుంది, బీపీ జారుతుంది, మాట తడబడుతుంది. ఆ గుర్తులు ముందుగా కనిపించేదీ నర్సుకే. ‘ఈయన వాలకం నాకు నచ్చడం లేదు డాక్టర్’ అని ఆమె అన్నప్పుడు వినేవాళ్లుంటే, అసలు ఛాతీ నొక్కాల్సిన అవసరమే రాకపోవచ్చు.

మన అమ్మాయిలెందరో నర్సింగ్ చదివి గల్ఫ్ దేశాలకు వెళ్తున్నారు. ఐసీయూ, ఎమర్జెన్సీ ఉద్యోగమంటే చాలాచోట్ల ముందుగా అడిగేది ఏసీఎల్ఎస్ కార్డునే. రెండురోజుల తరగతి, ఓ పరీక్ష... కార్డు వచ్చేస్తుంది. దాని గడువు రెండేళ్లు. చేతుల గడువు మాత్రం అంత లేదు! సాధన లేకపోతే నేర్చుకున్న నైపుణ్యం మూడు నుంచి ఆరు నెలల్లోనే జారిపోతుందని ఎన్నో పరిశీలనలు చెప్పాయి. అందుకే అమెరికన్ హార్ట్ అసోసియేషన్, లేర్డాల్ సంస్థ కలిసి మరో దారి తొక్కాయి. వార్డు పక్కనే బొమ్మను ఉంచి, మూడు నెలలకోసారి కాసేపు నొక్కి చూసుకోమంటాయి. లోతు చాలిందో లేదో బొమ్మే చెబుతుంది.

ఇందుకు మరీ ఖరీదైన ఏర్పాట్లే కావాలని లేదు. వారానికోసారి డ్యూటీ మారేటప్పుడు పది నిమిషాలు, ఓ మామూలు బొమ్మ, గోడ గడియారం ఉన్నా చాలు. షాక్ యంత్రం ఛార్జింగ్ ఉందా, అత్యవసర మందుల ట్రాలీలో అడ్రినలిన్ ఉందా అని రోజూ ఒకరు చూసి సంతకం పెడితే చాలు. స్టవాంగర్ మఠంలో రాసుకున్న లెక్కలో మూడో అంకె అదే.

మఠం నుంచి తిరిగొచ్చేసరికి రేవు దగ్గర దీపాలు వెలుగుతాయి. పాతబస్తీ సందుల్లో పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటారు. ఈ ఊరివాడైన ఓ తండ్రి ఒకప్పుడు తన బిడ్డను నీళ్లలోంచి లాగాడు. ఆయనకు దక్కిన అదృష్టాన్ని అందరి చేతులకూ నేర్పే విద్యగా మార్చింది ఓ బొమ్మ. ఆనీ ఎన్నిసార్లయినా చచ్చిపోతుంది, ఎన్ని తప్పులైనా ఓర్చుకుంటుంది. ఆ నవ్వు అలాగే ఉంటుంది. ఆమె మీద జరిగే తప్పు ఏదీ రేపు మంచం మీది మనిషి మీద జరగకూడదనే కదా, అంతసేపు ఆ చాప మీద ఓపిగ్గా పడుకుని ఉండేది!